బొగ్గు కోసం పుట్టి, మట్టికి మళ్లిన బట్టీ

సర్కారు కంపను కాల్చి బొగ్గు చేసే బట్టీ రాయలసీమకు కొత్త కాదు. కట్టెలు గుట్టగా పేర్చి, ఆకు కప్పి, మట్టి మెత్తి, లోపల నిప్పు పెడతారు. గాలి ధారాళంగా ఆడితే కట్టె బూడిదవుతుంది. ఆడకపోతే నీరు, తారు, వాయువులు వేడికి బయటికి పోయి కర్బనం మిగులుతుంది. గాలిని ఎలా కట్టడి చేశారన్నదే బట్టీ చరిత్ర.

పాత బట్టీ బొగ్గు పొయ్యికి, కొలిమికి పోయేది. అది నేలకు ఏం చేస్తుందో అమెజాన్ అడవుల్లో తెలిసింది. ఒకప్పుడు మనుషులు బొగ్గు, ఎముకలు, చెత్త వేసిన చోట్ల, చుట్టూ సారం లేని నేలలున్నా, నల్లటి సారవంతమైన మట్టి తయారైంది. డచ్ శాస్త్రవేత్త విమ్ సోంబ్రూక్ 1966లో తన పుస్తకంలో దాన్ని వివరించాడు. నేల కోసం చేసే బొగ్గుకు బయోచార్ అనే పేరు ఆ తర్వాత స్థిరపడింది.

మన దగ్గర బట్టీ డ్రమ్ములోకి మారింది. హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, క్రిడా, నూనె డ్రమ్ముకు రంధ్రాలు పెట్టి చిన్న బట్టీ చేసింది. పత్తి, కంది, ఆముదం కట్టెను అందులో కాల్చి, దట్టమైన పొగ తగ్గాక మూతపెట్టి, సందులను బంకమట్టితో మూసేస్తారు. ఎత్తుకుపోయి చేలోనే కాల్చుకోవచ్చు. కానీ పొగ పోనే లేదు.

2014లో స్విట్జర్లాండులో హాన్స్ పీటర్ ష్మిట్ బృందం మూత తీసేసింది. వాళ్ల కోన్‌టికి బట్టీ నోరు తెరిచిన ఇనుప గరాటు. పైన మండే మంటే గాలిలోని ప్రాణవాయువును వాడేసుకుంటుంది, కింది బొగ్గు దాకా రానివ్వదు. కట్టె వదిలే వాయువులూ ఆ మంటలోనే కాలిపోతాయి, అందుకే పొగ తక్కువ. తర్వాత ఇనుమూ అక్కర్లేకపోయింది. గరాటు ఆకారంలో తవ్విన గుంతే చాలు.

మామిడి కోతలయ్యాక నరికిన కొమ్మలు, కంది కట్టె బాగా ఎండనిచ్చి గుంత అడుగున అంటించాలి. పైపొర మీద తెల్లటి బూడిద కనబడగానే మరో పొర వేయాలి. గుంత నిండాక నీళ్లు పోసి పూర్తిగా ఆర్పాలి. ఆలస్యమైతే మిగిలేది బూడిదే.

బొగ్గు నిండా సన్నటి రంధ్రాలు. నీరు, పోషకాలు నిలవని చిత్తూరు ఎర్రనేలకు ఆ గుణమే కావాలి. అయితే వట్టి బొగ్గు వేస్తే మట్టిలోని నత్రజనిని కొన్నాళ్లు తానే పట్టుకుంటుంది. అందుకే పొడిచేసి, దిబ్బ ఎరువులోనో పశువుల మూత్రంలోనో కొన్ని వారాలు నాననివ్వాలి. తర్వాత మడిమట్టిలో పదోవంతు మించకుండా కలపాలి.

2017లో అనేక ప్రయోగాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో ఉష్ణమండల నేలల్లో దిగుబడి సగటున 25 శాతం పెరిగింది. సమశీతోష్ణ దేశాల్లో ఫలితం కనబడలేదు. లాభంలో ఎక్కువ భాగం ఆమ్లగుణమున్న, సారం తక్కువైన నేలలదే. బయోచార్‌ది క్షారగుణం కాబట్టి చౌడు నేలకు అది మేలు చేయకపోవచ్చు. ముందు మట్టి పరీక్ష చేయించి, ఒక మడిలో వేసి, పక్క మడి వదిలేసి చూడండి. బట్టీ ఖర్చు పార తిప్పే శ్రమ దాకా దిగింది కనుక, ఈ ప్రయోగం ఏ పెరట్లోనైనా జరుగుతుంది.