ధర్మసాగర్ నీరు – తిరుగుడు ఫిల్టరు

హనుమకొండ జిల్లాలోని ధర్మసాగర్ జలాశయము దేవాదుల ఎత్తిపోతల పథకములో ఒక భాగము. వరంగల్ నగరమునకు త్రాగునీరు ఇచ్చు వనరులలో ఇదియు ఒకటి. మిట్టమధ్యాహ్నము కట్టపై నిలిచి నీటివంక చూచినవారి కన్నులు మిరుమిట్లు గొనును. నీటిలోపల ఏమున్నదో కానరాదు. ప్రొద్దు వాలిన పిమ్మట అదే నీరు వేరొక తీరున కనిపించును. ఒక పాఠశాల విద్యార్థులు ఈ నీటి తేటదనము దినములో ఎట్లు మారునో వీడియో కెమెరాతో చిత్రించి చూపదలచిరని అనుకొనుడు. వారికి మొదట ఎదురగు చిక్కు వెలుతురు మితిమీరి యుండుట.

వెలుతురు ఎందుకు తగ్గించవలెను?

వీడియో అనగా వరుసగా తీయబడిన నిశ్చల చిత్రముల మాల. భారతదేశపు టెలివిజను విధానములో సెకనునకు 25 చిత్రములు తీయుట వాడుక. ఒక్కొక్క చిత్రమునకు లభించు కాలములో సగము, అనగా 1/50 సెకను, షట్టరు తెరచియుండినచో కదలిక కంటికి సహజముగా తోచును. అంతకంటె బహుస్వల్పకాలము తెరచినచో ప్రతి అలయు గడ్డకట్టినట్లు నిలిచి, చిత్రము కుదుపులతో సాగినట్లుండును.

ఛాయాగ్రాహకులు వాడు పాత లెక్క ఒకటి కలదు. నిండు ఎండలో, ఐ.ఎస్.ఓ. 100 వద్ద, కటకపు ద్వారము ఎఫ్/16 అయినచో షట్టరు కాలము సుమారు 1/100 సెకను ఉండవలెను. ద్వారమును ఎఫ్/2.8కు తెరచినచో 32 రెట్ల వెలుతురు లోనికి వచ్చును. అప్పుడు కాలమును 1/3200 సెకనునకు తగ్గింపవలసి యుండును. కావలసినదో 1/50 సెకను. అనగా 64 రెట్ల వెలుతురు అధికముగా ఉన్నది. ద్వారమును ఎఫ్/22 వరకు మూసినను లెక్క సరిపోవును గాని, అంత చిన్న రంధ్రములో కాంతి వివర్తనము చెందుటచే చిత్రపు పదును తగ్గును.

అందుచే కటకము ముందు ఒక నల్లని గాజును తగిలింతురు. అది అన్ని రంగులను ఇంచుమించు సమానముగా తగ్గించును గనుక దానిని తటస్థ సాంద్రతా ఫిల్టరు అందురు. అయితే ఒక గాజు ఒకే పాళ్లలో తగ్గించును. మబ్బు పట్టగానే దానిని విప్పి మరొకటి బిగింపవలెను. ఈ శ్రమ తప్పించుటకు వచ్చినదే తిరుగుడు ఫిల్టరు. దాని అంచును త్రిప్పినంతనే వెలుతురు హెచ్చుతగ్గులగును.

రెండు పలకల పని

ఈ ఫిల్టరులో నున్నవి రెండు పోలరాయిడ్ పలకలు. కాంతి తిర్యక్ తరంగము. అది సాగు దిశకు అడ్డముగా కంపించును. సూర్యకాంతిలో ఈ కంపనములు అన్ని దిక్కులకును సమానముగా ఉండును. పోలరాయిడ్ పలక ఒక్క దిక్కు కంపనములనే పోనిచ్చును. నిలువు ఊచల కిటికీలో నిలువుగా పట్టిన అట్ట దూరి, అడ్డముగా పట్టినది దూరకుండుట దీనికి స్థూలమైన పోలిక. ఇట్లు ఒకే దిక్కున కంపించు కాంతిని ధ్రువణకాంతి అందురు.

మొదటి పలక సూర్యకాంతిలో సగమును ఆపును. రెండవ పలక, మొదటిదానితో తాను చేయు కోణమును బట్టి, మిగిలిన దానిని తగ్గించును. ఎంత తగ్గించునో చెప్పు సూత్రమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మాలస్ 1809లో ప్రకటించెను: వెలువడు కాంతి, కోణపు కొసైనుయొక్క వర్గమునకు అనుపాతములో నుండును. నేటి పోలరాయిడ్ పలకలకు మూలమైన అయోడిన్ పొరను అమెరికాలో ఎడ్విన్ లాండ్ 1938లో రూపొందించెను.

పలకలు నిర్దోషమైనవని అనుకొని లెక్క వేసినచో ఒక వింత బయటపడును. కోణము 45 డిగ్రీలైనచో మొత్తము వెలుతురులో 1/4 వంతు, 60 అయినచో 1/8 వంతు లోనికి వచ్చును. 1/16 వంతునకు 69.3, 1/32 వంతునకు 75.5, 1/64 వంతునకు 79.8 డిగ్రీలు కావలెను. ప్రతి మెట్టునను వెలుతురు సగమగుచున్నను, మెట్ల నడిమి ఎడము 15 డిగ్రీల నుండి 4 డిగ్రీలకు కుంచించుకొనిపోవుచున్నది. కావుననే చివరి గుర్తులవద్ద అంచును మిక్కిలి మెల్లగా త్రిప్పవలెను. విశాల దృశ్యమును పట్టు కటకములో కాంతికిరణములు ఏటవాలుగా కూడ వచ్చును. వాటికి ఈ కోణము కొద్దిగా మారును. 90 డిగ్రీల సమీపమున ఆ కొద్ది మార్పే పెద్ద భేదమై, చిత్రముపై గుణకారపు గుర్తువంటి నల్లని నీడ పడును.

నీటివద్ద తటస్థత ఏమగును?

ధర్మసాగర్ విద్యార్థులకు అసలు చిక్కు ఇక్కడ కలదు. నీటిపై పరావర్తనము చెందిన కాంతి స్వయముగా ధ్రువణము చెందును. నీటి ఉపరితలమునుండి 37 డిగ్రీల ఏటవాలుతో క్రిందికి చూచినచో, ఆ మెరుపు పూర్తిగా అడ్డపు దిక్కున కంపించు కాంతియే. ఇది బ్రూస్టర్ కోణమునుబట్టి వచ్చు ఫలితము.

ఫిల్టరులో కెమెరావైపు పలక అక్షము అడ్డముగా స్థిరముగా ఉన్నదనియు, ముందు పలక మాత్రమే తిరుగుననియు అనుకొనుడు. సాయంకాలము వెలుతురును 1/4 వంతు చేయుటకు కోణమును 45 డిగ్రీలు చేసినచో, ముందు పలక నీటి మెరుపులో సగమును, ఇతర కాంతిలో సగమును పోనిచ్చును; పక్షపాతము లేదు. మధ్యాహ్నము 1/64 వంతు కావలసి 79.8 డిగ్రీలకు త్రిప్పినచో, ఇతర కాంతిలో సగమే పోవుచుండగా, మెరుపులో 1/32 వంతు మాత్రమే పోవును. మెరుపు ఇతర కాంతికంటె 16 రెట్లు అధికముగా అణగిపోయినది! చిత్రములో మధ్యాహ్నపు నీరు తేటగాను, సాయంకాలపు నీరు మెరయుచును కనిపించును. నీరు మారలేదు, పలక తిరిగినది.

వివాహపు వీడియోలో ఇది అందమునకు తోడ్పడవచ్చును. త్రాగునీటి తేటదనమునకు సాక్ష్యముగా చూపు చిత్రములో మాత్రము ఇది తప్పుడు సాక్ష్యమగును.

చేయవలసినది

రెండు వేళల చిత్రములను పోల్చదలచినవారు తిరుగుడు ఫిల్టరును విడిచి, స్థిరమైన తటస్థ ఫిల్టరులనే వాడుట మేలు. అవి కంపనదిశను ఎంచవు. తిరుగుడు ఫిల్టరు తప్పనిచో, అంచును ఒకేచోట ఉంచి వెలుతురును కటకద్వారముతోనో, ఐ.ఎస్.ఓ.తోనో సరిదిద్దవలెను. కెమెరా నిలిపిన చోటు, ఏటవాలు, వేళ పుస్తకములో వ్రాసికొనవలెను. అంతకంటె నమ్మదగినది సెక్కి బిళ్ల. ఇటలీ దేశస్థుడు సెక్కి 1865లో వాడిన తెల్లని బిళ్లకు నేటి రూపము తెలుపు నలుపు భాగములుగల బిళ్ల. పెద్దల సమక్షమున, పడవనుండి దానిని త్రాటితో నీటిలోనికి దింపి, కనుమరుగగు లోతును కొలిచినచో, చిత్రము చెప్పునది నిజమో కాదో తేలును.

ఒక హెచ్చరిక ముఖ్యము. ఈ ఫిల్టరు ఎంత నల్లగా కనిపించినను దానిగుండా సూర్యుని చూడరాదు; గ్రహణమునకును వాడరాదు. కంటికి కనిపించని పరారుణ కిరణములను పోలరాయిడ్ పలకలు చాలవరకు ఆపలేవు. అవి నొప్పి తెలియనీయకుండగనే కంటికి హాని చేయగలవు.

తరగతిలో పరీక్షింపగోరువారికి ఒక పోలరాయిడ్ నల్లకళ్లద్దము, ఒక కాలిక్యులేటరు చాలును. అద్దమును కాలిక్యులేటరు తెరపై ఉంచి మెల్లగా త్రిప్పినచో, తెర ఒకచోట నల్లబడి, అక్కడనుండి 90 డిగ్రీలు త్రిప్పగానే తిరిగి వెలుగును. మాలస్ సూత్రము చేతిలోనే కనిపించును.