మందుకు లొంగని పిండినల్లి పురుగుకు లొంగింది

మందార కొమ్మల చివర, బొప్పాయి ఆకుల అడుగున తెల్లటి పిండి చల్లినట్టు కనిపించే పురుగు పెరడున్న ప్రతి ఇంటికీ పరిచయమే. తెలుగులో దానిని పిండినల్లి అంటాం. తమిళులు మావుపూచ్చి అంటారు. కన్నడిగులు హిట్టు తిగణె అంటారు. మరాఠీవారు పిఠ్యా ఢేకూణ్ అంటారు. ఏ భాషలో పిలిచినా పేరులో పిండి ఉండనే ఉంది. మనం ఏ రాష్ట్రంలో స్థిరపడినా అది మన పెరట్లోకి వచ్చి కూర్చుంటుంది.

దానిని చూడగానే ఎవరికైనా ముందు తోచేది మందు కొట్టాలని. ఆ మందు డబ్బా తెరిచే ముందు ఒక్కసారి ఆకు తిప్పి చూడమని మనవి చేయడానికే ఈ వ్యాసం. నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. కామర్సు చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. అయితే తమిళనాడులో ఉడుమలపేట వైపు కొన్నేళ్ళు వ్యవసాయ రుణాలు చూశాను. అందువల్ల కంటికి సరిగా ఆనని ఒక పురుగు ఎన్ని కుటుంబాలను ఒడ్డున పడేసిందో దగ్గరగా చూసే అవకాశం కలిగింది.

పిలవని చుట్టం

పిండినల్లులలో చాలా రకాలున్నాయి. వాటిలో బొప్పాయి పిండినల్లి మన దేశానిది కాదు. దాని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. మన దేశంలో దానిని 2008లో కోయంబత్తూరులో మొదటిసారి గుర్తించారు. పేరుకు బొప్పాయిదే గాని అది బొప్పాయితో ఆగలేదు. మల్బరీ, కర్రపెండలం, పత్తి, వంగ, మందార, ఏది దొరికితే దానిమీద పడింది. ఈరోడు, తిరుప్పూరు, సేలం జిల్లాల్లో రైతులు తోటలకు తోటలు పీకేసే పరిస్థితి వచ్చింది. మనం ఎండాకాలంలో వడియాలు పెట్టుకునే సగ్గుబియ్యంలో ఎక్కువ భాగం సేలం వైపు మిల్లుల నుంచే వస్తుంది. వాటికి ముడిసరుకు ఈ కర్రపెండలమే.

అందరికంటే ఇరకాటంలో పడినవారు మల్బరీ రైతులు. పట్టుపురుగుల షెడ్డుకు లోను తీసుకున్న ఒక రైతు నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. ఆయన ఇంట్లో తెలుగే మాట్లాడతారు. "ఏం చేసేది సారూ, మందు కొడితే నా పట్టుపురుగు చచ్చిపోతాది, కొట్టకుంటే ఆకు చచ్చిపోతాది" అన్నాడు. మందు పడిన ఆకు పట్టుపురుగుకు విషం. ఆకు లేకపోతే గూడు లేదు, గూడు లేకపోతే వాయిదా కట్టడానికి డబ్బు లేదు. ఇది ఆయన ఒక్కడి కథ కాదు, ఆ ఏడాది నా బల్ల ముందు కూర్చున్న చాలామంది కథ.

మందు ఎందుకు పనిచేయలేదు?

పిండినల్లి ఒంటిమీద కనిపించే ఆ తెల్లపొడి నిజానికి మైనం. మందు నీళ్ళు దానిమీద నిలవక జారిపోతాయి. గుడ్లు దూదిలాంటి సంచిలో భద్రంగా ఉంటాయి. ఒక్కొక్క ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది. పది చస్తే, మిగిలిన రెండూ మళ్ళీ తోటను నింపేస్తాయి. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే ఇది చక్రవడ్డీ లెక్క.

అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. పుట్టింట్లో ఆ పిండినల్లిని తిని అదుపులో పెట్టే శత్రువులు ఉన్నాయి. మన దేశానికి పిండినల్లి వచ్చింది గాని, దాని వెంట అవి రాలేదు. మనం కొట్టిన మందుకు ఇక్కడ ఉన్న కొద్దిపాటి మిత్ర పురుగులు కూడా పోయాయి. మందు కొట్టిన తోటలో ముందుగా తిరిగి లేచేది ఎప్పుడూ శత్రువే, ఎందుకంటే దాని తిండి ఆకు, అది అక్కడే ఉంది. మిత్ర పురుగుకు తిండి శత్రువు. శత్రువు పెరిగాక గాని అది పెరగలేదు. ఈ మధ్యకాలంలోనే పంట పోతుంది.

చీమకంటే చిన్న కందిరీగ

ఈ లెక్క తెలిసిన శాస్త్రజ్ఞులు పుట్టింటి శత్రువునే రప్పించారు. బెంగళూరులోని జాతీయ కీటక సంస్థ 2010 జూలైలో పోర్టోరికో నుంచి మూడు రకాల బుల్లి కందిరీగలను తెప్పించింది. వచ్చీరాగానే వాటిని బయటికి వదలలేదు. అవి మన పట్టుపురుగుకో, ఇతర మేలు చేసే పురుగులకో హాని చేయవని మూసిన గదుల్లో పరీక్షించి తేల్చుకున్నారు. 2010 అక్టోబరు నుంచి తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సాయంతో తోటల్లో వదిలారు. మొలకెత్తిన బంగాళాదుంపల మీద పిండినల్లిని పెంచి, ఆ పిండినల్లి మీద కందిరీగలను పెంచి రైతులకు పంచారు.

ఆ మూడింటిలో బాగా నిలదొక్కుకున్నది ఎసిరోఫేగస్ పపాయే. పేరు పెద్దదే గాని ఒళ్ళు మిల్లీమీటరు కూడా ఉండదు. మనిషిని కుట్టదు. పిండినల్లి ఒంట్లో గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలే పెరిగి పిండినల్లిని తినేసి, గుండ్రటి కన్నం చేసుకుని బయటికి వస్తుంది. ఖాళీ డొల్ల ఆకుమీద మిగులుతుంది. వదిలిన కొన్ని నెలల్లోనే తోటలు తేరుకున్నాయి. ఈ కార్యక్రమం వల్ల మొదటి ఏడాదిలోనే తప్పిన నష్టం 12 కోట్ల డాలర్ల నుంచి 30 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని 2014లో వెలువడిన ఒక అధ్యయనం లెక్క కట్టింది. మా బ్రాంచిలో అయితే లెక్క ఇంకా సులువుగా కనిపించింది: మల్బరీ రైతులు మళ్ళీ వాయిదాలు కట్టడం మొదలుపెట్టారు.

మన పెరట్లో మిత్రులెవరు?

ఇంత పెద్ద కథ పెరటి మొక్కలకు ఎందుకంటారేమో. సూత్రం ఒక్కటే. మన కుండీల దగ్గర కూడా మిత్రులు ఉన్నారు. వారిని గుర్తుపట్టకపోవడమే చిక్కు.

అక్షింతల పురుగు: ఎర్రగా, నున్నగా మెరుస్తూ నల్లచుక్కలతో ఉండేది మిత్రుడు. పేనుబంకను తింటుంది. దాని పిల్ల నల్లగా, చిన్న మొసలిలా ఉంటుంది. చూసి భయపడి నలిపేయకండి. అయితే వంగ ఆకును గీరి జల్లెడ చేసే 28 చుక్కల పురుగును కూడా మనవాళ్ళు అక్షింతల పురుగే అంటారు. అది మెరవదు, ఒళ్ళు సన్నటి నూగుతో మాసినట్టు ఉంటుంది. దాని పిల్ల పసుపుపచ్చగా, ముళ్ళతో ఉంటుంది. దానిని మాత్రం ఏరి సబ్బునీళ్ళలో వేయవలసిందే.

పిండినల్లిని తినే పెంకుపురుగు: దీని పేరు క్రిప్టోలీమస్. 1898లో ఒక కాఫీతోట యజమాని ఆస్ట్రేలియా నుంచి దక్షిణాదికి తెప్పించాడు. పెద్ద పురుగు నల్లగా, తల నారింజ రంగులో ఉంటుంది. దీని పిల్ల అచ్చం పిండినల్లిలాగే తెల్లటి మైనపు పోగులతో ఉంటుంది. గుర్తు ఏమిటంటే, ఇది పిండినల్లికంటే పెద్దది, చురుగ్గా నడుస్తుంది. కదలకుండా గుంపుగా అతుక్కుని ఉన్నది పిండినల్లి. వాటి మధ్య తిరుగుతున్నది దాన్ని తినడానికి వచ్చినది.

అల్లికరెక్కల పురుగు: లేత ఆకుపచ్చ ఒళ్ళు, వలలాంటి రెక్కలు. ఆకుమీద వెంట్రుకలాంటి కాడల చివర తెల్లటి చుక్కలు కనిపిస్తే అవి దీని గుడ్లు. బూజనుకుని తుడిచేయకండి.

చిక్కుడు తీగమీద కొన్ని పేనుబంక పురుగులు గోధుమరంగులో ఉబ్బి బిగుసుకుపోయి ఉంటాయి. అవి చచ్చినవే. లోపల బుల్లి కందిరీగ పిల్లలున్నాయి. ఆ ఆకు తెంపకుండా ఉంచితే అవి బయటికి వచ్చి మిగిలినవాటి పని పడతాయి.

మనం చేయవలసినవి

మొదట చీమల సంగతి చూడాలి. పిండినల్లి, పేనుబంక విడిచే తీపి జిగురుకోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి, మిత్ర పురుగులను తరిమేస్తాయి. కుండీని నీళ్ళున్న పళ్ళెంలో ఇటుకముక్క మీద పెడితే చీమలు ఎక్కలేవు. ఆ నీటిని రెండు రోజులకొకసారి మార్చాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి.

పురుగు మరీ ఎక్కువైన కొమ్మను కత్తిరించి సంచిలో కట్టి పారేయాలి. మిగిలినదానిమీద నీళ్ళు గట్టిగా కొట్టవచ్చు. అవసరమైతే ఆ కొమ్మవరకే పల్చటి సబ్బునీళ్ళు వాడవచ్చు. మొక్కంతా తడపవలసిన పని లేదు. రెండు కొత్తిమీర మొక్కలను కోయకుండా పూతకు వదలండి. ఆ చిన్న పూల తేనె బుల్లి కందిరీగలకు ఆహారం.

యానాంలోను, గోదావరి జిల్లాల్లోను కొబ్బరిచెట్లున్న వారికి ఒక మాట. 2016లో పొల్లాచ్చి వైపు మొదట కనిపించిన సర్పిలాకార తెల్లదోమ ఆ తరువాత కోస్తాకూ వచ్చింది. ఎన్‌కార్సియా అనే బుల్లి కందిరీగ దానిని తింటుంది. అందుకే కొబ్బరిమీద రసాయన మందులు కొట్టవద్దని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. కందిరీగ ఉన్న తోటనుంచి ఆకుముక్కలు తెచ్చి, లేని చెట్లకు కట్టుకోమంటున్నారు.

మిత్ర పురుగులు కావాలంటే మీ జిల్లాలోని కృషి విజ్ఞాన కేంద్రంలోగాని, వ్యవసాయ విశ్వవిద్యాలయంలోగాని విచారించండి. వెళ్ళేటప్పుడు పురుగు పట్టిన ఆకును మూతపెట్టిన సీసాలో వేసి తీసుకువెళ్ళండి. చూడకుండా ఎవరూ సరైన సలహా చెప్పలేరు. తెచ్చుకున్నాక మాత్రం ఆ మొక్కలమీద మందు కొట్టకూడదు. పిల్లలకు ఒక భూతద్దం కొనిచ్చి ఆకులు తిప్పి చూడమంటే, మనకంటే ముందు వాళ్ళే మిత్రులను గుర్తుపడతారు.