ఆ ఒక్క సంతకం పెట్టేముందు...

"ఏముంది మేడమ్, అందరూ చేసేదే! ఒక్క సంతకం పెట్టేయండి."

అమలాపురంలోనైనా హైదరాబాద్‌లోనైనా, పెద్ద కుర్చీలో కూర్చున్న మహిళకు ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వినపడుతుంది. మీరు బ్యాంకు మేనేజరు కావచ్చు, స్కూలు హెడ్మిస్ట్రెస్ కావచ్చు, పొదుపు సంఘం లీడరు కావచ్చు. తప్పు ఎప్పుడూ లంచం కవరులోనే రాదు. చాలాసార్లు "తర్వాత చూద్దాంలే" అనే మాటగా వస్తుంది.

ఆ మాట ఖరీదెంతో కోనసీమకు తెలుసు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపులైను పేలింది. 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొబ్బరి చెట్లు మాడిపోయాయి. పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో తడి గ్యాస్ పంపారనీ, నీటిని వేరుచేసే యూనిట్ పెట్టకపోవడంతో పైపు లోపల తుప్పు పట్టిందనీ విచారణలో తేలింది. గ్యాస్ లీకవుతోందని ముందే చెప్పామంటూ ఊరివాళ్లు వాపోయారు.

జనం ప్రాణాలు తీయాలని అక్కడ ఎవరూ అనుకుని ఉండరు. చేయాల్సిన పని చేయలేదు, అంతే!

మరి మనమేం చేయాలి?

చెడు కబురు తెచ్చినవాళ్లను విసుక్కోకండి. చెప్పింది ప్యూనైనా, వాచ్‌మనైనా సరే, వినండి. ఒక్కసారి కసిరితే రెండోసారి ఎవరూ రారు.

పైవాళ్లు నోటిమాటగా ఏదైనా చేయమంటే, "కాగితం మీద రాసివ్వండి సార్" అని మర్యాదగా అడగండి. తప్పని తెలిసి చెప్పేవాళ్లు చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు. ఇవ్వకపోతే, ఏ రోజు ఎవరేమన్నారో మీరే రాసిపెట్టుకోండి.

అన్నిటికంటే ముఖ్యం... ఈ నిర్ణయంతో నష్టపోయేదెవరు? వాళ్లు ఈ గదిలో ఉన్నారా? పైపు గురించి నిర్ణయాలు జరిగిన గదుల్లో నగరం గ్రామస్థులు లేరు. ఆ పైపు పక్కన పడుకునేది మన పిల్లలే అయితే "తర్వాత చూద్దాం" అంటామా?

'కాదు' అనడం తేలిక కాదు. ట్రాన్స్‌ఫర్ రావచ్చు, "ఈవిడొక్కతే నిజాయితీపరురాలు మరి!" అనే ఎత్తిపొడుపూ వినాల్సి రావచ్చు. అందుకే ఒంటరిగా పోట్లాడకండి. మీలాగే ఆలోచించే ఒకరిద్దరు సహోద్యోగులను కలుపుకోండి.

ఎవరు తొందరపెట్టినా సంతకం మీది. రేపు జవాబు చెప్పాల్సిందీ మీరే. పెన్ను మూత తీసేముందు ఒక్క నిమిషం ఆగితే తప్పేం లేదు!