ల్యాప్‌టాప్‌లో సిమ్ వేసినా నెట్ రావట్లేదా..? ముందు ఇది చూడండి!

ఇంకాసేపట్లో ఆన్‌లైన్ ఇంటర్వ్యూ.. వైఫై పోయింది. ల్యాప్‌టాప్‌లోనే సిమ్ ఉంది కదా అనుకుంటే అదీ పనిచేయట్లేదు. ముందు ఆ సిమ్ తీసి ఫోన్‌లో వేసి చూడండి. అక్కడ నెట్ వస్తే తేడా ల్యాప్‌టాప్‌లోనే ఉన్నట్టు.

విండోస్ 11 సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ ఓపెన్ చేయండి. 'సెల్యులార్' ఆప్షన్ కనిపించకపోతే డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ చూడాలి. అక్కడా మోడెమ్ పేరు లేదంటే డ్రైవర్ పోయి ఉండొచ్చు.. లేదా అసలు మోడెమే లేకపోవచ్చు! అవును, కొన్ని మోడళ్లలో సిమ్ పెట్టే చోటు, యాంటెన్నా ఇచ్చి మోడెమ్ కార్డు మాత్రం పెట్టరు. కొనేటప్పుడు ఇది అడిగేవాళ్లు తక్కువే.

సిగ్నల్ ఫుల్‌గా ఉన్నా నెట్ రాకపోతే మాత్రం అనుమానం ఏపీఎన్ మీదే. ఆపరేటర్ డేటా నెట్‌వర్క్‌లోకి దారి చూపే పేరు అది. సెల్యులార్‌లోని మొబైల్ ఆపరేటర్ సెట్టింగ్స్‌లో దాన్ని యాడ్ చేయాలి. జియో అయితే 'జియోనెట్', ఎయిర్‌టెల్ అయితే 'ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్ డాట్ కామ్'.. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేయాలి.

అప్పటికీ రాకపోతే ఒకసారి రీస్టార్ట్ చేయండి. నెట్‌వర్క్ రీసెట్ జోలికి చివర్లోనే వెళ్లండి.. అది కొడితే సేవ్ చేసుకున్న వైఫై పాస్‌వర్డులూ పోతాయి.