ఇంటి పక్కన బడి – నూటికి నూరు

బెంగుళూరులో ఇల్లు కొనబోయేవారికి బిల్డర్లు ఇచ్చే రంగుల కాగితంలో నీళ్లు, లిఫ్టు తరువాత తప్పక కనిపించే మాట "పేరున్న స్కూలు పక్కనే". ఆ పేరు దేనివల్ల వచ్చిందయ్యా అంటే, పదో తరగతి ఫలితాలు నూటికి నూరట! మా మేనల్లుడు ఇరవై ఏళ్ల అప్పుకు సంతకం పెట్టేముందు, "మామయ్యా, బడి పంతులుగా చేశావు గదా, ఒకసారి చూసి చెప్పు" అన్నాడు.

నూటికి నూరు ఎలా వస్తుందో పంతుళ్లకు తెలుసు. బాగా చెప్పినా వస్తుంది. తప్పుతాడనుకున్న పిల్లవాణ్ణి తొమ్మిదిలోనే ఆపేసినా, టి.సి. చేతికిచ్చి పంపినా, ప్రైవేటుగా పరీక్ష కట్టించినా వస్తుంది. అందుకని కిందటేడు తొమ్మిదిలో ఎంతమంది, ఈ ఏడు పదిలో ఎంతమంది అని చూశాను. కేంద్ర ప్రభుత్వపు యుడైస్ లెక్కల్లో ప్రతి బడికీ 11 అంకెల కోడు ఉంటుంది. పిల్లలు, టీచర్లు, గదులు, మరుగుదొడ్లు ఎన్నో అందులో దొరుకుతుంది. ఈ బడిలో తొమ్మిది నుంచి పదికి వచ్చేసరికి పాతికమందికి పైగా తగ్గారు. ఊరు మారినవాళ్లు కొందరుంటారు. అందరూ మారరు గదా!

తరువాత రెండు రోజులు బడి వదిలే వేళకు ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చున్నాను. పిల్లలను దింపే ఆటో అతను చెప్పిన ముక్క ఏ కాగితంలోనూ లేదు: ఏడాదిలో ముగ్గురు లెక్కల టీచర్లు మారారట. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మంది పిల్లలకొక టీచరు ఉండాలంటుంది. ఇక్కడ ఆరో తరగతి గదిలోనే యాభైమందికి పైన. లైబ్రరీ చూపించారు, అద్దాల బీరువా తళతళలాడుతోంది. ఒక పుస్తకం తీసి వెనక అట్ట చూశాను. అతికించిన చీటీలో ఒక్క తేదీ ముద్ర లేదు.

ఇంకో సంగతి. పక్కనే ఇల్లుంటే ప్రైవేటు బడిలో సీటు మన హక్కు కాదు. కేంద్రీయ విద్యాలయాల్లోనూ ముందు వరస కేంద్ర ఉద్యోగుల పిల్లలదే. మరి బడి పేరు చెప్పి అడుగుకు ఎక్కువ ధర కట్టడం దేనికి?

మా చెల్లెలి బెంగ వేరు: "అన్నయ్యా, పాపకు తెలుగు వస్తుందా?" కర్ణాటకలో 2015 చట్టం ప్రకారం కన్నడం మొదటి భాషగానో, రెండో భాషగానో చదవాలి. ఉన్న ఊరి భాష, చదవవలసిందే. రాష్ట్ర బోర్డులో తెలుగును మొదటి భాషగా తీసుకునే వీలూ ఉంది. చెప్పే టీచరు ఉంటే కదా.

రెండు వీధుల అవతల ఎయిడెడ్ బడి ఒకటుంది. ఫలితాలు నూరు కావు. హెడ్‌మిస్ట్రెస్‌గారు అక్కడే ఏళ్లుగా ఉన్నారు, పిల్లలను పేరుపెట్టి పిలుస్తారు. వెళ్లినప్పుడు, లెక్క రాక ఏడుస్తున్న పిల్లవాడి పక్కన ఒక టీచరు నేలమీదే కూర్చుని మళ్లీ చెబుతోంది. మైదానంలో ఖోఖో, ఒకటే దుమ్ము.

మేనల్లుడు ఇల్లు కొనడం ఆపి, ఆ పేటలోనే ఏడాదికి అద్దెకు దిగాడు. పాప ఎయిడెడ్ బడిలో చేరింది. ఆదివారం మన సంఘం హాల్లో జరిగే తెలుగు క్లాసుకు నాయనమ్మ తీసుకొస్తోంది. ప్రస్తుతం గుణింతాల్లో ఉంది.