బ్యాంకు జాబ్ కోసం ఎంబీఏ చేయాలా? పీజీ సీటు తీసుకునే ముందు ఈ లెక్క చూసుకోండి

డిగ్రీ అయిపోయింది. ఐసెట్ ర్యాంకు చేతికొచ్చింది. ఇంట్లో వాళ్లది ఒకటే మాట.. 'ఎంబీఏ ఫైనాన్స్ చేసేయ్, బ్యాంకులో సెటిల్ అయిపోవచ్చు' అని. వినడానికి బాగానే ఉంది కానీ, చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. ప్రభుత్వ బ్యాంకులో ప్రొబేషనరీ ఆఫీసర్ కావడానికి అసలు ఎంబీఏ అక్కర్లేదు.

ఐబీపీఎస్ పీవో అయినా, ఎస్‌బీఐ పీవో అయినా అర్హత ఏదో ఒక డిగ్రీ. బీకామ్, బీఎస్సీ, బీటెక్.. ఏదైనా ఒకటే. పీజీ ఉందని పరీక్షలో అదనంగా ఒక్క మార్కు కూడా వేయరు. వయసు విషయంలో మాత్రం పక్కాగా ఉంటారు. పీవోకి జనరల్ అభ్యర్థుల గరిష్ఠ వయసు 30 ఏళ్లు, ఐబీపీఎస్ క్లర్క్‌కి 28. ఓబీసీలకు 3 ఏళ్లు, ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్లు సడలింపు ఉంది. 21కి డిగ్రీ, 23కి పీజీ పూర్తయ్యే వాళ్లకు ఇదేం సమస్య కాదు. కానీ గ్యాప్ వచ్చి 26లో ఎంబీఏలో చేరేవాళ్లు? ఆ రెండేళ్లు కోచింగ్‌కి, పరీక్షలకి పెట్టుకోవాల్సిన రెండేళ్లు కూడా అని గుర్తుపెట్టుకోవాలి.

మరి పీజీ ఎవరికి పనికొస్తుంది?

ముందుగా, డిగ్రీలో మార్కులు తగ్గినవాళ్లకి. ఆర్‌బీఐ గ్రేడ్ బి జనరల్ పోస్టులకు, నాబార్డ్ గ్రేడ్ ఎ జనరల్ పోస్టులకు జనరల్ అభ్యర్థులు డిగ్రీలో 60 శాతం తెచ్చుకుని ఉండాలి. 56 శాతంతో పాసైనవాళ్లు 'ఇక మనకు ఆర్‌బీఐ లేదు' అనుకుని వదిలేస్తుంటారు. నిజానికి పీజీలో 55 శాతం వస్తే మళ్లీ అర్హత వచ్చేస్తుంది. ఇందుకోసం లక్షలు పోసి ఎంబీఏ చేయక్కర్లేదు. తెలంగాణలో సీపీగెట్, ఏపీలో పీజీసెట్ రాసి యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎంకామ్ చేసినా సరిపోతుంది.

సెబీ సంగతి వేరు. గ్రేడ్ ఎ జనరల్ స్ట్రీమ్‌కి మాస్టర్స్ డిగ్రీ కానీ, లా, ఇంజినీరింగ్, సీఏ లాంటివి కానీ ఉండాలి. వట్టి బీకామ్‌తో అప్లికేషన్ ముందుకు కదలదు. ఆర్‌బీఐలోనే ఎకనామిక్ రీసెర్చ్ విభాగానికి వెళ్లాలంటే ఎకనామిక్స్ కోవలో పీజీ ఉండాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ ఫైనాన్షియల్ ఎకనామిక్స్ లాంటి కోర్సులు ఈ రూట్‌కి దగ్గరగా ఉంటాయి. మనవాళ్లు ఎంబీఏ మోజులో వీటిని పెద్దగా పట్టించుకోరు.

ఎంబీఏ ఫైనాన్స్‌కి అసలు విలువ కనిపించేది క్రెడిట్ పోస్టుల్లో. కంపెనీ బ్యాలెన్స్ షీట్ చదివి లోన్ ఇవ్వొచ్చా లేదా తేల్చే పని అది. ఎస్‌బీఐ క్రెడిట్ అనలిస్ట్ పోస్టులకు ఎంబీఏ ఫైనాన్స్, సీఏ, సీఎఫ్‌ఏ లాంటివి అడుగుతుంది. దాంతోపాటు అనుభవం కూడా అడుగుతుంది. అంటే ఎంబీఏ అయిన వెంటనే కాదు, కొన్నాళ్లు ఏ ప్రైవేట్ బ్యాంకులోనో, ఎన్‌బీఎఫ్‌సీలోనో పనిచేశాక తెరుచుకునే తలుపు. బ్యాంకింగ్ మీదే పూర్తిగా దృష్టి పెట్టాలంటే పుణెలోని ఎన్‌ఐబీఎం ఉంది, 1969లో ఆర్‌బీఐ చొరవతో మొదలైంది. టెక్నాలజీ వైపు ఆసక్తి ఉంటే మన హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లో ఐడీఆర్‌బీటీ ఉండనే ఉంది. దీన్ని కూడా ఆర్‌బీఐయే 1996లో పెట్టింది.

లోన్ తీసుకుని చదువుతున్నారా?

ఉదాహరణకి 6 లక్షల ఎడ్యుకేషన్ లోన్, 10 శాతం వడ్డీ, మొత్తం మొదట్లోనే తీసుకున్నారనుకుందాం. కోర్సు 2 ఏళ్లు, ఆ తర్వాత మరో ఏడాది ఈఎంఐ కట్టక్కర్లేదు. 'హమ్మయ్య' అనుకోకండి, వడ్డీ మీటర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. బారు వడ్డీ వేసుకున్నా 3 ఏళ్లకు 1.8 లక్షలు. అంటే కట్టడం మొదలుపెట్టే రోజుకి అప్పు 7.8 లక్షలు. దాన్ని 7 ఏళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 12,950 రూపాయలు. మొదటి జీతం 25 వేలైతే అందులో సగం ఇక్కడే పోతుంది. వీలైతే చదివే రోజుల్లోనే వడ్డీ కట్టుకుంటూ వస్తే భారం బాగా తగ్గుతుంది. నాన్న పేరు మీద పొలం కాగితాలు పెట్టి తీసుకునే లోన్ అయితే ఈ లెక్క ఇంట్లో అందరూ కూర్చుని వేసుకోవాల్సిందే.

'కోర్సులో చేరితే ఉద్యోగం గ్యారెంటీ' అనే పీజీ డిప్లొమాలు ఇంకో రకం. ఐడీబీఐ బ్యాంకు ఇలా ఏడాది పీజీడీబీఎఫ్ కోర్సు ద్వారా జూనియర్ అసిస్టెంట్ మేనేజర్లను తీసుకుంటూ వచ్చింది. ఇందులో బ్యాంకే నోటిఫికేషన్ ఇచ్చి, పరీక్ష పెట్టి సెలెక్ట్ చేస్తుంది. ఫీజు అభ్యర్థే కట్టుకోవాలి, చేరాక సర్వీస్ బాండ్ ఉంటుంది. ఊరూపేరూ లేని సంస్థ ఫోన్ చేసి 'ఫలానా బ్యాంకుతో మాకు టై-అప్ ఉంది' అంటే మాత్రం, ఆ కోర్సు పేరు బ్యాంకు సొంత వెబ్‌సైట్ కెరీర్స్ పేజీలో ఉందో లేదో చూశాకే రూపాయి తీయండి.

ఆన్‌లైన్, డిస్టెన్స్ ఎంబీఏలో చేరేవాళ్లు ఆ కోర్సుకి యూజీసీ అనుమతి ఉందో లేదో చెక్ చేసుకోవాలి. అనుమతి ఉన్నా ఐబీపీఎస్ స్పెషలిస్ట్ ఆఫీసర్లలో హెచ్‌ఆర్, మార్కెటింగ్ పోస్టులకు రెండేళ్ల ఫుల్‌టైమ్ పీజీయే అడుగుతారు.

చివరగా కాలేజీ సంగతి. బ్రోచర్‌లో పెద్ద పెద్ద బ్యాంకుల లోగోలు ఉంటాయి. ఆ లోగోలు చూసి ఆగిపోకుండా, పోయినేడాది ఆ బ్యాంకులు ఏ పోస్టుకి తీసుకున్నాయో అడగండి. అకౌంట్లు తెరిపించడం, ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మడం, నెలనెలా టార్గెట్.. 'రిలేషన్‌షిప్ ఆఫీసర్' పేరుతో వచ్చే చాలా ఉద్యోగాల్లో జరిగేది ఇదే. సేల్స్ ఇష్టమైతే తప్పేం లేదు. కాకపోతే ఆ పనికి డిగ్రీతోనే తీసుకునే బ్యాంకులూ ఉన్నాయి. వెబ్ ఆప్షన్లు పెట్టేలోపు ఆ కాలేజీ సీనియర్లు ఇద్దరితో ఫోన్లో మాట్లాడండి, అసలు సంగతి పది నిమిషాల్లో తెలిసిపోతుంది.