పాలారు కలిసే సముద్రం

మా అత్తగారికి డెబ్భై రెండేళ్ళు. గుడియాత్తంలో ఏళ్ళ తరబడి మగ్గం ముందు కూర్చుని లుంగీలు నేసిన మనిషి. సముద్రం మాత్రం చూడలేదు. పిల్లల చదువులనీ, పెళ్ళిళ్ళనీ మేమే ఏటికేడు వాయిదా వేస్తూ వచ్చాం. ఈమధ్య ఆమెకు మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయి. ఇక ఆగితే లాభం లేదని ఒక శనివారం తెల్లవారుజామునే మామల్లపురానికి బయలుదేరాం.

వేలూరు నుంచి కాంచీపురం, చెంగల్పట్టు మీదుగా సుమారు 135 కిలోమీటర్లు. కారు మాట్లాడుకోకుండా బస్సులు మారుతూ వెళ్ళాం. దారిలోకి పులిహోర, పెరుగన్నం కట్టుకున్నాం. సముద్రానికి ఎదురుగా ఉన్న గదులకు అద్దె ఎక్కువ కనుక, వెనక వీధిలో అయిదుగురికీ కలిపి ఒకే పెద్ద గది తీసుకున్నాం. మొత్తం ఖర్చు ఆరు వేలు దాటలేదు. కంచిలో కూడా దిగుదామని మావారు అంటే, "ఒక్క ఊరు చాలు నాయనా, నిదానంగా చూస్తాం" అన్నారు అత్తగారు. ఆ మాట డబ్బునూ, ఆమె మోకాళ్ళనూ కాపాడింది.

సాయంత్రం అర్జునుడి తపస్సు శిల్పం చూశాం. ఎలుకల మధ్య ఒంటికాలిపై తపస్సు చేస్తున్న పిల్లిని చూసి పిల్లలు ఒకటే నవ్వు. మర్నాడు ఉదయం పంచరథాలు. పేరుకు పాండవులవే గానీ వాటికీ భారతానికీ సంబంధం లేదు. ఏడవ శతాబ్దంలో పల్లవులు ఒక్కొక్క రథాన్నీ ఒకే రాతిలో తొలిచారు. ద్రౌపది రథం దగ్గర అత్తగారు ఆగి, "ఇది మా పుట్టింటి పూరిల్లు మాదిరే ఉందే!" అన్నారు.

ఎనిమిదవ శతాబ్దం మొదట్లో రాజసింహుడు కట్టించిన తీర దేవాలయం చూసుకుని ఇసుకలోకి దిగాం. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మన పాలారు కూడా ఇందులోకేనా వచ్చేది?" అని అడిగారు. ఇక్కడికి దక్షిణాన వాయలూరు దగ్గర కలుస్తుందనీ, మన గుడియాత్తం కౌండిన్య నది పాలారులోకే చేరుతుందనీ మావారు చెప్పారు. "అట్లయితే 2021 వరదలో మన వీధుల పక్కన పోయిన నీళ్ళు ఇక్కడికే వచ్చాయన్నమాట" అంటూ దోసెడు నీళ్ళు తీసి తలమీద చల్లుకున్నారు. ఏటిలో ఇసుకే ఎక్కువగా చూసిన కళ్ళు అవి.

వెళ్ళేవారికి రెండు మాటలు. తీర దేవాలయానికీ, పంచరథాలకూ ఒకే టికెట్. పదిహేనేళ్ళలోపు పిల్లలకు టికెట్ లేదు. ఎండ ముదరకముందే చూడండి. అలల లాగుడు ఎక్కువ, కాళ్ళు తడుపుకోవడంతో సరిపెట్టుకోండి.

మీ ఇంట్లోనూ సముద్రం చూడని పెద్దలుంటే, డబ్బు చేరేదాకా ఆగకండి. మోకాళ్ళు ఆగవు.